మొగ దగ్గర మర్యాద

హైమవతి మేడమ్‌ని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆవిడ ముందు చెప్పుల కోసం వెతుక్కుంటారు. కూర్చున్న చోట కూర్చుని జవాబు చెప్పడం ఆవిడ వల్ల కాదు. శ్రీకాకుళంలో ఆడపిల్లల కాలేజీలో ఏళ్ళ తరబడి ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. ఆ రోజుల్లో కూడా పిల్లల్ని క్లాసులో కన్నా మెట్ల మీదా, పంపుసెట్ల దగ్గరా, వంతెన కిందా ఎక్కువసేపు నిలబెట్టేవారట. ఇంకో అలవాటు కూడా ముందే చెప్పాలి. ఆవిడ మా అందరినీ "నువ్వు" అంటారు. కోపం వచ్చిన రోజున "మీరు" అంటారు. గొంతు పెంచరు, బల్ల గుద్దరు, ఆ ఒక్క "మీరు"తోనే సరిపెడతారు. అది వినపడిన రోజున మాలో ఎవరూ టీకి కూడా లేవరు.

మేము అంటే జెరాక్సు షాపు మీది గదిలో పోగయ్యే కొద్దిమందిమి. తిండి పెట్టే ఉద్యోగాలు వేరే ఉన్నాయి. తీరిక దొరికినప్పుడల్లా మేడమ్ మొదలుపెట్టిన ఒక ప్రోగ్రాము మీద పని చేస్తాం. తీరంలో ఏ ఊరి దగ్గర కెరటాలు ఎంత ఎత్తున వస్తాయో ముందుగా లెక్కగట్టి చెప్పే ప్రోగ్రాము అది. దాన్ని అమ్ముకోలేదు, దాచుకోలేదు. లోపల రాసిన వరుసలన్నిటితో సహా ఇంటర్నెట్‌లో అందరి ముందూ పెట్టాం. ఎవరైనా చదవొచ్చు, దిద్దొచ్చు, తీసుకుపోయి తమ పనికి వాడుకోవచ్చు. దీన్నే ఓపెన్ సోర్స్ అంటారు. ఇలాంటి ప్రోగ్రాములో కంప్యూటరు కోసం రాసిన వరుసల మధ్య మనుషుల కోసం రాసిన మాటలు కూడా ఉంటాయి. కంప్యూటరు వాటి జోలికి పోదు. ఇక్కడ ఈ పని ఇలా ఎందుకు చేశామో రేపు చదవబోయే మనిషికి చెప్పే మాటలవి, వాటిని కామెంట్లంటారు. వాటికి తోడు, దీన్ని ఎలా వాడాలో, ఎక్కడ వాడకూడదో బయటివాళ్ళకి విడమరిచి చెప్పే డాక్యుమెంటేషన్ ఒకటి ఉంటుంది. లెక్క తప్పితే పట్టుకోవడానికి పదిమంది ఉంటారు. ఈ మాటలు తప్పితే పట్టుకునే నాథుడు లేడు, ఎందుకంటే మాటలు తప్పినా ప్రోగ్రాము చక్కగా నడుస్తూనే ఉంటుంది.

మా ప్రోగ్రాముకి ఒకటి చేతకాదు. నది వచ్చి సముద్రంలో కలిసే చోటుని మొగ అంటారు. మా వైపు చాలా ఊళ్ళలో పడవలు నదిలోనే ఉంటాయి, చేపల వేటకి పోవాలంటే ఆ మొగ దాటాలి. నది తెచ్చిన ఇసక అక్కడ మేట వేస్తుంది. ప్రతి వరదకీ ఆ మేట చోటు మారుస్తుంది. లోసముద్రంలో బుద్ధిగా నడిచొచ్చే కెరటం ఆ మేట మీదికి రాగానే నిలువునా లేచి విరుచుకుపడుతుంది. అది ఎంత లేస్తుందో, ఎక్కడ లేస్తుందో మా లెక్కకి అందలేదు. ఎన్ని రకాలుగా రాసినా తప్పే వచ్చింది. అందుకని మేడమ్ డాక్యుమెంటేషన్‌లో మొగ ఉన్న ప్రతి ఊరి పేరు పక్కనా ఒక మాట రాశారు: "ఈ అంకె నమ్మి మొగ దాటొద్దు. దాటితే చస్తారు." ప్రోగ్రాము లోపల, మొగ లెక్క ఉండాల్సిన ఖాళీ చోట, ఒక కామెంటు పెట్టారు: "ఈ లెక్క మాకు చేతకాలేదు. చేతనైనట్టు నటించొద్దు."

మోటుగా ఉన్న మాట నిజమే. అప్పట్లోనే మాలో ఒకరు 'చస్తారు' తీసేసి 'ప్రమాదం' అని పెడదామన్నారు. ప్రమాదం అని లారీ వెనకాల కూడా రాసుంటుంది, దాన్ని చూసి ఎవరు ఆగారని మేడమ్ అడిగారు. ఆవిడ రాసే పద్ధతే అది. ఒక వాక్యం రాశాక, దాన్ని వాడబోయే మనిషికి వినిపించి, నీకేం అర్థమైందో తిరిగి చెప్పు అంటారు. అతను తిరిగి చెప్పింది తాను అనుకున్నదీ ఒకటే అయ్యేదాకా ఆ వాక్యాన్ని వదలరు. ఆ రెండు మోటు మాటలూ అలా ఒడ్డున పడవల మధ్య నిలబడి, విన్నవాళ్ళని అడిగి అడిగి రాసినవి. గదిలో కూర్చుని ఊహించి రాసినవి కావు.

సాకేత్ మా అందరిలోకీ చిన్నవాడు. తెలివైనవాడు, పనిదొంగ కాదు, ఆ మాట ముందే ఒప్పుకుంటాను. మేడమ్ కంటి ఆపరేషన్‌కి విశాఖపట్నం వెళ్తూ, తాను వచ్చేలోగా కామెంట్లూ డాక్యుమెంటేషనూ సర్దిపెట్టమని అతనికి అప్పగించారు. సర్దాల్సిన అవసరం ఉంది కూడా. వరుసలు ఎప్పుడో మారిపోయినా వాటి మీది కామెంట్లు, ఖాళీ చేసి వెళ్ళిపోయినవాళ్ళ పేరుపలకల్లాగా, అలాగే వేలాడుతున్నాయి. ఒకచోట ఎవరో కరెంటు పోయిందని తిట్టుకున్న తిట్టు ఏళ్ళ తరబడి పదిలంగా ఉండిపోయింది. సాకేత్ అవన్నీ ఏరి పారేశాడు. అచ్చుతప్పులు దిద్దాడు. ఒకే సంగతి మూడుచోట్ల మూడు రకాలుగా ఉంటే ఒకచోటికి చేర్చాడు. అక్కడితో ఆగి ఉంటే అతన్ని మెచ్చుకుని ఊరుకునేవాణ్ణి. కానీ చీపురు పట్టిన చెయ్యి ఆగలేదు. ఊడ్చి ఊడ్చి మొగ దగ్గరికి వచ్చాడు. 'చస్తారు' అన్న మాట కంట పడింది. బయటివాళ్ళు చదివితే మన గురించి ఏమనుకుంటారు అనిపించిందట. ఏమనుకుంటారో అన్న భయం మనవాళ్ళకి చావు భయం కన్నా పెద్దది. దానికోసం మనం ఇంట్లో జబ్బులు దాస్తాం, వంటింట్లో పొయ్యి వెలగలేదన్న సంగతి దాస్తాం. అతను మొగ దాచాడు.

అతను దిద్దిన మాట ఇది: "మొగ పరిసరాలలో అంచనాలకు కొంత వ్యత్యాసం ఉండే అవకాశం కలదు. వినియోగదారులు స్థానిక పరిస్థితులను పరిగణనలోకి తీసుకోగలరు." లోపలి కామెంటుని ఇలా మార్చాడు: "ఈ అంశం పరిశీలనలో ఉన్నది."

అది చదివి నాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు రాస్తుంటే మళ్ళీ మండుతోంది. నీళ్ళలో పడి చచ్చే మనిషిని వినియోగదారు అన్నాడు. చావుని కొంత వ్యత్యాసం అన్నాడు. మాకు చేతకాలేదు అని ఒక పెద్దావిడ సిగ్గు లేకుండా ఒప్పుకున్న నిజాన్ని తీసేసి, పరిశీలనలో ఉన్నదని పెట్టాడు. ఎవరు పరిశీలిస్తున్నారు, ఎక్కడ పరిశీలిస్తున్నారు? ఆ మాట చెప్పినవాడు దేన్నీ పరిశీలించడని, పెన్షను కోసం గుమ్మాలెక్కి దిగిన ప్రతి ముసలమ్మకీ తెలుసు. గదిలో ఈ మాటే అన్నాను. మిగిలినవాళ్ళు నన్ను చాదస్తుడి కింద జమకట్టారు. వాళ్ళ కంటికి అది హుందాగా కనపడింది. పైగా బెంగళూరులో ఏదో సంస్థ మా డాక్యుమెంటేషన్ చూసి, ఇంత ఆదరంగా ఎవరూ రాయలేదని మెచ్చుకుని, వచ్చి నలుగురికీ చెప్పమని సాకేత్‌ని పిలిచింది. ఇక నా మాట ఎవరు వింటారు? ఆ మెచ్చుకున్నవాళ్ళలో ఒక్కడైనా మొగ మొహం చూశాడా అని అడుగుదామనుకున్నాను. అప్పటికే మిఠాయి పంచుతున్నారు.

ఈలోగా ఇంకో సంగతి జరిగింది. జిల్లాలోనే కొందరు కుర్రాళ్ళు మా ప్రోగ్రాము తీసుకుని వేటకి పోయేవాళ్ళ కోసం ఒక ఫోను సర్వీసు పెట్టారు. నంబరుకి ఫోను చేసి ఊరి పేరు చెబితే, ఆ పూట కెరటం ఎత్తు ఎంతో చెప్పి, డాక్యుమెంటేషన్‌లో ఆ ఊరి పక్కన ఏం రాసి ఉంటే అది చదివి వినిపిస్తుంది. మంచి పనే, వాళ్ళని అనడానికి ఏమీ లేదు. మేం రాసింది నమ్మారు, నమ్మి తీసుకున్నారు. అయితే వాళ్ళు తీసుకునే వేళకి మా దగ్గర ఉన్నది సాకేత్ దిద్దిన మాట.

మేడమ్ నల్ల కళ్ళద్దాలతో తిరిగొచ్చింది శనివారం పొద్దున్న. కంటికి ఇంకా శ్రమ ఇవ్వొద్దని డాక్టరు చెప్పినా వినకుండా తెర మీద అక్షరాలు పెద్దవి చేయించుకుని మొత్తం చదివారు. సాకేత్ పక్కనే నిలబడి మెప్పు కోసం ఎదురుచూస్తున్నాడు. మొగ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి ఆగింది. పాత మాటలు రెండూ ఎక్కడివక్కడ మళ్ళీ పెట్టించారు. ఫోను సర్వీసు సంగతి నేను చెప్పాను. వెంటనే వాళ్ళకి ఫోను చేశారు. వాళ్ళు మా దగ్గరి నుంచి కొత్త ప్రతి తీసుకునేది సోమవారాలేనట, మధ్యలో మార్చడం తెలిసిన అబ్బాయి పెళ్ళికి పోయాడట, ఫోను ఎత్తడం లేదట. సోమవారం తప్పకుండా చూద్దాం మేడమ్ అన్నారు. ఆవిడ ఫోను పెట్టేసి సాకేత్ వైపు తిరిగారు.

"మీరు చాలా శుభ్రంగా సర్దారు," అన్నారు.

ఆ 'మీరు' గదిలో అందరికీ వినపడింది. సాకేత్‌కి మొహం ఎర్రబడింది. అతనికీ కోపం వచ్చింది, అందులో ఆశ్చర్యం లేదు. కష్టపడ్డాడు, నలుగురూ మెచ్చుకున్నారు, తీరా మెచ్చుకోవాల్సిన మనిషి దగ్గర ఇదీ దక్కింది.

"నేను ఒక్క లెక్క కూడా కదపలేదు మేడమ్. ఉన్న సంగతినే మర్యాదగా చెప్పాను. మర్యాదగా చెబితే తప్పా?" అని అడిగాడు.

మేడమ్ చెప్పుల కోసం వెతుక్కున్నారు.

మేము ముగ్గురం, మేడమ్, సాకేత్, నేను, దిబ్బలపాలెం బస్సెక్కాం. ఆ ఊరికే ఎందుకంటే, ఈ కాలంలో పై ఊళ్ళ నుంచి పడవలు అక్కడికి వలస వస్తాయి. ఆ ఊరివాళ్ళకి మొగతో రోజూ ముఖాముఖి ఉంటుంది కాబట్టి ఫోను మాటతో వాళ్ళకి పెద్ద పని లేదు. కొత్తగా వచ్చినవాళ్ళకి మొగ తెలీదు, మేట ఎక్కడుందో తెలీదు, అడగడానికి మొహమాటం. ఫోను చేసేది వాళ్ళే. సోమవారం దాకా రోజూ ఆ ఒడ్డున నిలబడి మనిషి మనిషికీ చెప్పాలన్నది మేడమ్ ఉద్దేశమని నాకు బస్సులో అర్థమైంది. ఆపరేషన్ అయిన కన్ను, పైన ఎండ. సాకేత్ కిటికీలోంచి చూస్తూ మూతి బిగించుకుని కూర్చున్నాడు. దిగబోయే ముందు నన్ను మెల్లగా అడిగాడు, మొగ అంటే ఎలా ఉంటుందని. మొగ గురించి రాసిన మాటని దిద్దిన మనిషి మొగని చూడటం అదే మొదలు. దిగి చూడమన్నాను, ఇంకో మాటంటే బస్సులో గొడవయ్యేది.

మేం వెళ్ళేసరికి పాటు మొదలైంది. అంటే సముద్రం వెనక్కి తీస్తోంది, నది నీళ్ళు జోరుగా బయటికి లాగుతున్నాయి. అటు నుంచి కెరటం లోపలికి తోస్తుంటుంది, ఇటు నుంచి నది బయటికి తోస్తుంటుంది. మొగ అన్నిటికన్నా చెడ్డగా ఉండే వేళ అదే. కానీ చూడటానికి అలా ఉండదు. కాసేపు నీళ్ళన్నీ చదునుగా, చేత్తో సవరించినట్టు ఉంటాయి. సాకేత్ చూసినప్పుడు అలాగే ఉంది. ఇంతేనా అన్నట్టు మా వైపు చూశాడు. ఊరి పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. పోటు వచ్చేదాకా కదిలేది లేదని వాళ్ళు వలలు బాగుచేసుకుంటూ కూర్చున్నారు. మేడమ్ పలకరించి వచ్చారు. నీళ్ళలోకి దిగి సిద్ధంగా ఉన్నది ఒక్క పడవే. భీమిలి అవతలి నుంచి ఆ వారమే వలస వచ్చిన ఎల్లాజీది. అతనూ, తమ్ముడూ, బావమరిదీ. తెల్లవారకుండా పోటు మీద సాఫీగా మొగ దాటి వల వేసి, ఇంజిను మొరాయిస్తే బాగుచేయించుకోవడానికి ఒడ్డుకి వచ్చారు. ఇంజిను బాగయింది. వల బయట ఉంది. పెద్ద బోట్లు ఆ దారిన తిరిగాయంటే వల తెగి ముక్కలవుతుంది, ఈ సీజనుకి వాళ్ళకి ఇంకో వల లేదు. ఇదంతా ఒడ్డున ఎండు చేపలు తిరగేస్తున్న ఒక ఆడమనిషి చెప్పింది.

మేడమ్ సాకేత్‌ని పిలిచి ఆ పడవ వైపు చూపించారు.

"వాళ్ళకి మీరే చెప్పండి. మీరు రాసిన మాటే చెప్పండి, మర్యాద తగ్గకుండా," అన్నారు. అని, ఆ పడవ వెనక ఇసకలోకి వెళ్ళి, ఎండలో, పిల్లల ఆట చూడటానికి వచ్చినట్టు తీరుబడిగా కూర్చున్నారు. నాకు ఆవిడ మీద కూడా కోపం వచ్చింది. మనుషుల ప్రాణాల దగ్గర పాఠాలేమిటనిపించింది.

మేం దగ్గరికి వెళ్ళేసరికి ఎల్లాజీ ఫోను చేస్తున్నాడు. ముగ్గురూ వినేలా స్పీకరు పెట్టాడు. తేనె పూసినట్టున్న ఆడగొంతు కెరటం ఎత్తు చెప్పింది. పెద్ద ఎత్తేం కాదు. తర్వాత సాకేత్ వాక్యం మొదలైంది. మొగ పరిసరాలలో అంచనాలకు కొంత వ్యత్యాసం ఉండే అవకాశం కలదు. అబద్ధమెందుకు, తన వాక్యం సముద్రం ఒడ్డున, గాలిలో, అంత స్పష్టంగా వినపడుతుంటే అతని మొహంలో ఒక క్షణం సంతోషం కనిపించింది. నేను చూశాను. వాక్యం పూర్తిగా అయ్యేదాకా ఎల్లాజీ ఓపిగ్గా విన్నాడు. తర్వాత తమ్ముడికీ బావమరిదికీ తనకి అర్థమైంది చెప్పాడు.

"కొంత తేడా ఉంటాదట. తేడా నేని సముద్రం ఎక్కడుంది? పదండి."

అంతే. వల బయట ఉంది, మనసు బయటికే లాగుతోంది. అలాంటివాడికి ఆ రెండు వాక్యాల్లో పోవద్దన్న మాట ఎక్కడ దొరుకుతుందో చదివిన మీరు వెతికి చూపించండి. తప్పు అతనిది కాదు. అతను విన్నదానికి సరిగ్గానే అర్థం చెప్పుకున్నాడు.

సాకేత్ ముందుకి వెళ్ళి నమస్కారం పెట్టాడు. మేమెవరో చెప్పకుండా, అంచనాల గురించీ, వాటి పరిమితుల గురించీ, తొందరపడకపోవడం మంచిదేమో ఆలోచించమనీ చాలా పద్ధతిగా చెప్పాడు. ఎల్లాజీ కూడా పద్ధతిగానే విన్నాడు. స్థానిక పరిస్థితులు ఒకసారి చూసుకోండి అన్నాడు సాకేత్.

"అంటే ఏటి బాబూ?"

"అంటే, ఇక్కడి పరిస్థితులు."

"ఇక్కడే గదా ఉన్నాం. బాగానే ఉంది గదా," అని ఎల్లాజీ చదునుగా ఉన్న మొగని చూపించాడు. సాకేత్ కూడా చూశాడు. ఇంతలో అన్నదమ్ములిద్దరూ పడవెక్కారు. ఒడ్డున ఇసకలో పాతిన లంగరు తీసుకురమ్మని బావమరిదికి కేకేశారు. ఇంజిను అందుకుంది.

అప్పుడు మొగ లేచింది. నేను ఇంతకు ముందు చూసిందే, అయినా రెండడుగులు వెనక్కి వేశాను. చదునుగా ఉన్న నీళ్ళ నడిమధ్య ఏ ఆధారమూ లేకుండా ఒక గోడ పైకొచ్చింది. బురద రంగులో ఉంది, మేట మీది ఇసకనంతా తవ్వి ఎత్తుకొచ్చింది. ఒక్క క్షణం అలాగే నిలబడి మీద పడింది. చప్పుడు మా కాళ్ళ కింది ఇసకలో తెలిసింది. దాని వెనకే ఇంకొకటి లేస్తోంది. ఎల్లాజీ భయపడలేదు, ఆ మొండితనం లేకపోతే వాళ్ళు సముద్రం మీద బతకలేరు. ఇది పడ్డాక సందు దొరుకుతుంది, ఆ సందులో దూసుకుపోదాం అని తమ్ముడితో అంటున్నాడు. ఆ సందు అక్కడ లేదని అతనికి ఎవరు చెప్పాలి? చెప్పాల్సిన మాట ఒకప్పుడు రాసి ఉండేది.

సాకేత్ మొహంలో రక్తం లేదు. బూట్లతోనే పరిగెత్తాడు. నడుము లోతు నీళ్ళలోకి వెళ్ళి రెండు చేతులతో పడవ అంచు పట్టుకున్నాడు. ఆ కుర్రాడి నోట అలాంటి గొంతు నేనెప్పుడూ వినలేదు.

"ఒరే, పోవద్దురా. పోతే చస్తారు. ఆ ఫోనుకి మొగ సంగతి తెలీదు. దాన్ని చేసింది మేమే. మొగ లెక్క మాకు చేతకాలేదు."

ఒరే అన్నందుకు ఎల్లాజీకి తల తిరిగిపోయింది. ఒరే గిరే అంటే నీళ్ళలో ముంచి తీస్తానన్నాడు. కానీ ఇంజిను మీద చెయ్యి వెనక్కొచ్చింది. చేసినోళ్ళకే తెలీదా అని అడిగాడు. తెలీదు, తెలీదు అని సాకేత్ ఏడుస్తున్నట్టుగా అరుస్తున్నాడు, పడవ అంచు మాత్రం వదలలేదు. అతన్ని లాగెయ్యడానికి తమ్ముడు వంగాడు. ఆ తోపులాటలో కాలం గడిచింది. రెండో కెరటం పడింది, మూడోది పడింది, మొగ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెల్లటి నురగయింది. వాళ్ళు పోదామనుకున్న దారి ఎక్కడుందో వెతికినా కనపడలేదు. తమ్ముడు సాకేత్ చొక్కా వదిలేశాడు. ఎల్లాజీ ఇంజిను ఆపాడు.

ఎల్లాజీ దిగి, పడవని ఒడ్డుకి తోస్తూ, ఈ ముక్క ఫోనులో ఎందుకు చెప్పలేదని సాకేత్‌ని అడిగాడు. సాకేత్ కూడా ఒక చెయ్యి వేసి తోశాడు. వల తెగిందో, ఊరు పేరు కనుక్కుని మీ ఇంటికొస్తానని కూడా ఎల్లాజీ అన్నాడు. ఊరికే అన్న మాట కాదది. పోటు వచ్చేదాకా ఆగుతామని చెప్పి ముగ్గురూ పడవ నీడలో కూర్చుని మా వైపు కోపంగా చూస్తున్నారు. వాళ్ళ కోపం న్యాయమైనదే.

నేను అప్పుడు వెనక్కి తిరిగి చూశాను. లంగరు తేవడానికి వెళ్ళిన బావమరిది దాన్ని ఎందుకు తేలేకపోయాడో అప్పుడు తెలిసింది. మేడమ్ కూర్చున్నది దాని మీదే. అతను బతిమాలాడట, విసుక్కున్నాడట, ముసలమ్మ మీద చెయ్యి వెయ్యలేక తల పట్టుకున్నాడట. కంటి ఆపరేషన్ అయింది నాయనా, లేవలేను, కాసేపు కూర్చోనీ అన్నారట ఆవిడ. లంగరు నుంచి పడవకి కట్టిన తాడు ఉన్నంతసేపూ పడవ మొగ దాకా పోయేది కాదు. ఆ సంగతి సాకేత్‌కి తెలీదు. ఆవిడ మీద నాకు వచ్చిన కోపాన్ని అక్కడే దింపుకున్నాను.

సాకేత్ వచ్చి ఆవిడ ముందు ఇసకలో కూలబడ్డాడు. బట్టల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, ఒక బూటు నీళ్ళలోనే పోయింది, అరచేతులు పడవ అంచు కోసుకుని ఎర్రబడ్డాయి. చాలాసేపు మొగ వైపే చూస్తూ కూర్చున్నాడు. అది మళ్ళీ ఏమీ ఎరగనట్టు చదునుగా ఉంది. పెద్దవాళ్ళ ముందు నోరు జారితే తలదించుకోవాలని నేర్చుకున్న పిల్లవాడు. ఆ అలవాటు అంత తొందరగా ఎక్కడికి పోతుంది? తల దించుకునే అన్నాడు.

"కంగారులో మర్యాద తప్పాను మేడమ్. ఒరే అన్నాను, చస్తారన్నాను. అలా అనాల్సింది కాదు."

మేడమ్ లంగరు మీది నుంచి మెల్లగా లేచారు. చెప్పుల్లో చేరిన ఇసక దులుపుకుని తొడుక్కున్నారు. పడవ నీడలో కూర్చున్న ముగ్గురి వైపు చూశారు.

"అయితే వెళ్ళి దిద్దిరా. వాళ్ళింకా ఒడ్డునే ఉన్నారు," అన్నారు.